బాగుచేసే చేతులు కావాలి

నజరేతు అనగానే మనకు గలిలయలోని వడ్రంగి ఇల్లు గుర్తుకొస్తుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలోనూ ఒక నజరేతు ఉంది. 18వ శతాబ్దంలో మొరేవియన్ విశ్వాసులు కట్టుకున్న ఊరది. దానికి పేరు తెచ్చిందీ చెక్కపనే. 1833లో జర్మనీ నుంచి వలస వచ్చిన సి.ఎఫ్. మార్టిన్ 1839లో ఆ ఊరు చేరి గిటార్లు చేశాడు. ఆయన సంస్థ నేటికీ అక్కడే ఉంది.

ఆ కాలపు గిటార్లు చిన్నవి, తేలికైనవి. వాటికి పేగు తీగలు కట్టేవారు. తర్వాతి కాలంలో శబ్దం పెద్దగా రావాలని చాలామంది వాటికే ఉక్కు తీగలు బిగించారు. ఉక్కు తీగలు ఆరూ కలిసి సుమారు 70 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడుకు పైపలక ఉబ్బింది, మెడ ముందుకు వంగింది. 'ఇది పాడైపోయింది' అని అటకెక్కించారు. లోపం గిటారుది కాదు. మోయలేని బరువు దానిమీద పెట్టారు.

మన సంఘాల్లో జరుగుతున్నదీ ఇదే కాదా? ఒక యవ్వనస్థుడు వాక్యం చక్కగా చెబుతాడని తెలియగానే సండే స్కూలు, యవ్వనస్థుల కూడిక, ఉపవాస ప్రార్థనలు అన్నీ అతని భుజాలకే ఎత్తుతాం. భర్త తాగుడుతో నలిగిపోతున్న సహోదరికి 'ఓర్చుకో అమ్మా' అన్న మాట తప్ప మరేమీ ఇవ్వం. అతడు ఒకనాడు తప్పిపోతే, ఆమె మందిరానికి రావడం మానేస్తే, 'వెనుకబడిపోయారు' అని ఒక్క మాటతో తేల్చేస్తాం.

పాత గిటారును బాగుచేసేవారు అలా తేల్చరు. మెడ కీలులోని పాత జిగురు వేడి ఆవిరికి మెత్తబడుతుంది. సుత్తితో కొడితే చెక్క విరుగుతుంది, ఓపికగా వేడి తగిలిస్తే కీలు వదులవుతుంది. చీలికను శుభ్రంచేసి అతికించి, లోపలివైపు చిన్న చెక్కముక్కలు ఆనిస్తారు. పైన కొత్త వార్నిష్ పూసి గీతలు దాచరు, దానివల్ల పాత వాద్యం విలువ తగ్గుతుందని వారికి తెలుసు. చివరకు దానికి తగిన తీగలే కడతారు.

తప్పులో చిక్కుకున్నవాణ్ణి సాత్వికంతో సరిచేయమన్నాడు పౌలు (గలతీ 6:1). అక్కడ వాడిన గ్రీకు క్రియే, జెబెదయి కుమారులు వలలు బాగుచేసుకోవడం గురించి చెప్పిన చోట కూడా ఉంది (మత్తయి 4:21). వల తెగితే జాలరి పారేయడు. ఆ తర్వాతి వచనంలోనే పౌలు ఒకరి భారాలు ఒకరు మోయమన్నాడు. బరువు సంగతి తేల్చకుండా మనిషిని బాగుచేయలేం.

పేతురు విషయంలో ప్రభువు చేసిందీ ఇదే. నిప్పుల దగ్గర ముందు భోజనం పెట్టాడు. తర్వాత మూడుసార్లు అడిగాడు. తప్పును కప్పిపుచ్చలేదు, దానితో అతణ్ణి పొడవనూ లేదు. గొర్రెల్ని అతని చేతికి అప్పగించాడు (యోహాను 21).

తప్పును తప్పు అనవద్దని మేము చెప్పడం లేదు. ఎవరికైనా హాని జరిగితే ముందు వారికి రక్షణ, న్యాయం దక్కాలి. కానీ సంఘపెద్దలు ఒకరి పేరు బల్ల నుంచి తీసేముందు, 'ఇతని మీద మనం ఎంత బరువు పెట్టాం?' అని ఒకసారి అడగాలి. తిరిగి వచ్చినవారిని ఏళ్ల తరబడి చివరి వరుసలో కూర్చోబెట్టకుండా, వారు మోయగల పని అప్పగించాలి. బాగుచేసిన గిటారు ఉండవలసింది అద్దాల బీరువాలో కాదు, ఆరాధనలో.