కృష్ణబిలమా, సుడిగుండమా?

తిరిగే కృష్ణబిలం నుండి శక్తిని తోడుకోవచ్చునన్న మాట అప్పుడప్పుడు పత్రికలలో కనబడుతుంటుంది. దాని పక్కనే "అంతులేని శక్తి" అన్న విశేషణం కూడా తరచు వచ్చి కూర్చుంటుంది. నా అభ్యంతరం ఆ విశేషణం మీద. అంతకంటె పెద్ద అభ్యంతరం "బిలం" అన్న మాట మీద.

బిలం అనగానే మన మనసులో ఒక గొయ్యి ఏర్పడుతుంది. పడ్డది పడ్డట్టే, తిరిగి రాదు. కదలని కృష్ణబిలానికి ఆ ఊహ సరిపోతుందేమో గాని, నక్షత్రాలన్నీ తమ చుట్టూ తాము తిరిగేవే. కూలి కుదించుకుపోయేటప్పుడు ఆ తిరుగుడు ఇంకా వేగం పుంజుకుంటుంది. అలా తిరిగేదానికి గణితరూపాన్ని 1963లో న్యూజీలాండుకు చెందిన రాయ్ కెర్ కనుగొన్నారు. అది తన చుట్టూ ఉన్న ఆకాశాన్నే తనతో పాటు తిప్పేస్తుంది. లోపలికి పోతే తిరిగిరాని సరిహద్దుకు వెలుపల మరొక ప్రాంతం ఉంది. అక్కడ ఏదీ నిలకడగా నిలువలేదు, తిరగవలసిందే. కాని అక్కడి నుండి బయటపడవచ్చు.

ఇది మనం ఎరగనిదా? మా సిరికొండ వైపు చెరువు తూము ఎత్తినప్పుడు నీటిపై సుడి లేస్తుంది. సుడి అంచున పడ్డ ఆకు గిరగిరా తిరుగుతుందే గాని మునిగిపోవాలని లేదు, గాలి తోడైతే బయటికి కొట్టుకు రాగలదు. గొంతులోకి జారినది మాత్రం రాదు. రోజర్ పెన్‌రోజ్ 1969లో చెప్పిన ఉపాయమంతా అంచుకూ గొంతుకూ మధ్యనున్న ఈ తేడాలోనే ఉంది.

ఆ అంచులోకి ఒక వస్తువును విసిరి, అక్కడ దానిని రెండు ముక్కలు చేయాలి. ఒక ముక్క తిరుగుడుకు ఎదురుగా, రుణశక్తితో లోపల పడుతుంది. రెండవది మనం విసిరిన దానికంటె ఎక్కువ శక్తితో బయటికి వస్తుంది. అప్పుపత్రం లోపలికి, రొక్కం బయటికి! మరి అప్పు ఎవరి నెత్తిన పడింది? కృష్ణబిలం నెత్తినే. దాని తిరుగుడు ఆ మేరకు తగ్గుతుంది.

ఆర్మూరు ప్రాంతంలో పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్మును చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఇంజను ఆపినా బరువైన డ్రమ్ము కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడుతో పని చేయించుకోవచ్చు, ఆగేవరకే. ఆగిన తరువాత డ్రమ్ము బరువు అలాగే ఉంటుంది, పని మాత్రం జరగదు. కృష్ణబిలం లెక్కను 1970లో డెమెట్రియోస్ క్రిస్టోడూలూ తేల్చారు: గరిష్ఠవేగంతో తిరిగేదాని ద్రవ్యరాశిలో ఎక్కువలో ఎక్కువ 29 శాతం రాబట్టవచ్చు. మిగిలిన 71 శాతం ఈ దారిన చేతికి రాదు. అంతులేనిదట! అంతు దశాంశంతో సహా తెలిసినదే.

అయినా 29 శాతం సామాన్యమా? బొగ్గును కాల్చినప్పుడు దాని ద్రవ్యరాశిలో వెయ్యి కోట్ల వంతులలో మూడు వంతులు మాత్రమే శక్తిగా మారుతుంది. సూర్యుని గర్భంలో హైడ్రోజను హీలియంగా మారినప్పుడు 0.7 శాతం. గొప్ప చెప్పదలచుకుంటే ఈ అంకెలే చాలు, అతిశయోక్తి ఎందుకు?

చిక్కు మరొకచోట ఉంది. రెండు ముక్కలూ విడిపోయే వేగం కాంతివేగంలో సగాన్ని మించాలని 1970ల తొలినాళ్ళలోనే తేలింది. ప్రకృతిలో అది దుర్లభం. అయస్కాంత క్షేత్రం తోడైతే ఆ షరతు సడలుతుందని 1985లో చూపినవారు మనవారే: సంజయ్ వాఘ్, సంజీవ్ ధురంధర్, నరేశ్ దధీచ్. అంతకు ముందే, 1977లో, బ్లాండ్‌ఫర్డ్, జ్నాయెక్ అన్న ఇద్దరు అయస్కాంత రేఖల ద్వారానే తిరుగుడును తోడే డైనమో వంటి ఏర్పాటును వర్ణించారు. ఎం87 నక్షత్రవీథి నడుమ నుండి వేల కాంతిసంవత్సరాల పొడవున చిమ్మే ధార వెనుక ఇదే ఉన్నదని నేడు చాలామంది ఖగోళజ్ఞుల నమ్మకం. ఆ కృష్ణబిలం అంచున వరుసదీరిన అయస్కాంత క్షేత్రాల ఆనవాళ్ళను 2021లో ప్రకటించారు.

నాకు వీటన్నిటికంటె ప్రీతిపాత్రమైనది 2017లో నాటింగ్‌హామ్‌లో జరిగిన ప్రయోగం. ఒక పెద్ద తొట్టి, అడుగున రంధ్రం, నీటి సుడి. దాని మీదికి పంపిన అలలు కొన్ని మరింత పెద్దవై తిరిగివచ్చాయి! తిరిగే వస్తువును తాకిన తరంగం బలపడగలదని జెల్డోవిచ్ 1971లోనే ఊహించారు. 2020లో గ్లాస్గోలో తిరిగే నురగబిళ్ళ గుండా శబ్దాన్ని పంపి ఆ ఊహను నిజం చేశారు.

"దీనితో మా మోటారు తిరుగుతుందా?" అని అడిగేవారున్నారు. తిరగదు. మనకు తెలిసిన వాటిలో అతి సమీపమైన కృష్ణబిలం, 2022లో గుర్తించినది, సుమారు 1,560 కాంతిసంవత్సరాల దూరాన ఉంది. అక్కడికి తీగ లాగే పథకం ఇంకా ఏ ఎన్నికల ప్రణాళికలోనూ చేరినట్టు లేదు. నా బాధ మోటారు గురించి కాదు. "వెలుతురు కూడా తప్పించుకోలేదు" అన్న ఒక్క వాక్యాన్ని వల్లెవేయించి పిల్లలను భయపెట్టి వదిలేస్తున్నాం. తూము దగ్గర సుడిని చూసిన పల్లెటూరి పిల్లవాడికి పెన్‌రోజ్ ఆలోచనలో సగం ముందే తెలుసు. ఆ సగాన్ని మనం వాడుకోవడం లేదు.

కనుక తిరిగేదానిని "సుడిబిలం" అందామని నా ప్రతిపాదన. సుడి అంటే అదృష్టమన్న అర్థం కూడా ఉందిగా, అదీ కలిసివస్తుంది. దాని అంచుకు ఇంగ్లీషులో ఎర్గోస్ఫియర్ అని పేరు. గ్రీకులో ఎర్గాన్ అంటే పని. "పనిమండలం" అంటే మాత్రం ఎక్కడో ఉపాధిహామీ పనులు జరుగుతున్నట్టు ధ్వనిస్తున్నది! "సుడివలయం" నాకు నచ్చింది. ఇంతకంటె మంచి మాట తట్టిన మిత్రులు వ్యాఖ్యలలో తెలుపగలరు.