సంతకం పెట్టేముందు...

డల్లాస్‌లో ఉంటున్న మా చెల్లెలూ మరిదిగారూ అద్దెకివ్వడానికి ఓ ఇల్లు కొంటున్నారు. ఎల్‌ఎల్‌సీ పెట్టి, ఆ కంపెనీ పేరునే లోన్ తీసుకుంటారట. "కంపెనీ అప్పే కదక్కా, మన మీదకేం రాదు" అంది. నాకు మనసొప్పక కాగితాలు చదివి వినిపించమన్నాను.

అద్దెకున్నవాళ్లు దావా వేస్తే సొంత ఆస్తికి ఆ కంపెనీ చాలావరకు అడ్డు నిలుస్తుంది, నిజమే. అప్పు సంగతి వేరు. మామూలు ఇంటి లోన్ కంటే వడ్డీ ఎక్కువ, ముందు కట్టాల్సిందీ ఎక్కువ. పైగా ఇద్దరి వ్యక్తిగత హామీ అడిగారు. ఇల్లు ఖాళీగా ఉన్నా వాయిదా ఆగదు. కంపెనీ కట్టలేకపోతే కట్టాల్సింది వీళ్లే.

కొనొద్దని అనలేదు. ఆర్నెల్ల వాయిదాల డబ్బు పక్కన పెట్టుకోమన్నాను. సంతకం మనదైనప్పుడు చదవాల్సిందీ మనమే కదా! "ఆయన చూసుకుంటారులే" అంటే బ్యాంకు ఒప్పుకోదు మరి.