పట్టుట వేరు, విరుచుట వేరు



సంక్రాంతి వచ్చెననిన మన పల్లెలలో ముగ్గులకును గొబ్బెమ్మలకును ఎంత సందడియో చెడుగుడు బరికిని అంత సందడి. ఒకవంక ప్రత్తితీత సాగుచుండును. ఒకవంక మిరపకాయ పండి కోతకు వచ్చుచుండును. ఐనను ఆ పండుగ దినములలో పిల్లల మనసు బరిమీదనే యుండును. పూర్వమిది మగపిల్లల యాట యని యెంచెడివారు. నేడు బడులలో ఆడపిల్లలును కూతకు పోవుచున్నారు. కావున ఈ నెల వంటయింటి ముచ్చటలను కొంత ప్రక్కకు నెట్టి ఆటను గూర్చి మాటాడ దలచితిమి.

ఒంగోలు ప్రాంతపు సోదరి యొకతె మాకిట్లు వ్రాసినది: “మా అమ్మాయి బడిజట్టులో చేరినది. ఒక్కతెపై ఏడుగురు పడి పట్టుదురట. కూతకు పోవు పిల్లకు రక్షణ కల్పించు నియమములు లేవా? ఉన్నచో, ఆ నియమములే ఆటను చప్పబరచుచున్నవని మా మరిది విసుగుకొనుట ఏల?” ప్రశ్నలు రెండును మంచివే. రెంటికిని తోచిన జవాబు చెప్పెదము.

చెడుగుడునే నేడు లోకము కబడ్డీ యని పిలుచుచున్నది. ఒక్కరు ఎదుటి బరిలోనికి పోయి, గుక్క విడువక కూత పెట్టుచు, 30 సెకండ్లలో ఎవరినేని తాకి నడిగీటు చేరవలెను. చేరనీయక పట్టినచో ఎదుటివారికి గెలుపు. కావున పట్టుట తప్పు కాదు. పట్టుటయే వారి పని. ఎట్లు పట్టవలె ననునదే నియమము చెప్పును.

కూతకు వచ్చినవారి కాలుసేతులనుగాని మొండెమునుగాని పట్టవచ్చును. నోరు మూసి కూత ఆపరాదు. గొంతు నొక్కరాదు. రెండు కాళ్లను కత్తెరవలె వేసి బిగింపరాదు. గాయమగునట్లు మోటుగా పడవేయరాదు. జుట్టుగాని బట్టగాని పట్టి లాగరాదు. ఇట్టి అక్రమపు పట్టున చిక్కినవారు ఓడినట్లు కాదు. తప్పు చేసినవారికి పచ్చచీటి చూపి హెచ్చరింతురు. పసుపుచీటి చూపిన 2 నిమిషములు వెలుపల కూర్చుండవలెను. ఎర్రచీటి చూపిన ఆ యాటలో మరల అడుగు పెట్టరాదు. గోళ్లు కత్తిరించుకొని రావలెను. పెద్ద పోటీలలో బరువునకును హద్దు కలదు: పురుషులకు 85 కిలోలు, స్త్రీలకు 75. స్త్రీలు ఆడు బరియు కొంచెము చిన్నది.

రక్షణ లేదని యనరాదు. ఐనను నియమము పుస్తకములో నున్నంత మాత్రమున ఎముక విరుగక మానదు. 2022 జూలైలో తమిళనాడునందలి కడలూరు జిల్లాలో నొక గ్రామపు పోటీలో కూతకు పోయిన యువకుడు ఆట జరుగుచుండగానే కుప్పకూలి మరణించెను. అట్టి వార్త చదివిన తల్లికి భయము కలుగుట సహజమే.

ఇక మరిదిగారి విసుగు మాట. అది మన బరిలోనే పుట్టినది కాదు. సముద్రమునకు ఆవల నింతకంటె పెద్దగా చెలరేగినది. అమెరికావారు ఫుట్‌బాల్ అనునది మనమెరిగిన కాలిబంతి గాదు. ప్రక్కకు 11 మంది నిలిచి, బంతిని చేతబట్టుకొని పరుగెత్తుచు, ఒకరినొకరు పడద్రోయుచు ఆడుదురు. 1905లో ఆ యాటలో గాయములును మరణములును మిక్కుటమై, ఆ దేశాధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు విద్యాలయముల వారిని తన భవనమునకు పిలిపించి మాటాడెను. మరుసటి యేట, అనగా 1906లో, బంతిని ముందుకు విసరుటకు అనుమతించిరి. గుంపుగా నొకరిపై నొకరు పడుట తగ్గునని వారి యాశ. విధివిలాస మేమనగా, ఆ విసరుటే క్రమముగా ఆటకు ప్రాణమయ్యెను. విసరు క్వార్టర్‌బ్యాక్ అనువాడు జట్టునకు తలకాయ యయ్యెను. అతనిని పడగొట్టుటయే ఎదుటివారికి గురి యయ్యెను.

వాని దురవస్థ చూడుడు. కన్ను దూరమున పరుగెత్తు తోడివానిపై నుండును. చేయి పైకెత్తి యుండును. పక్కటెముకలకు కాపుదల లేదు. రాబోవు దెబ్బను చూచినవాడు మెడ బిగించును, ఒడలు ముడుచుకొనును. చూడనివాని తల ఒక్కసారిగా ఊగిపోవును. కపాలములో మెదడు కదలును. అందుచేత నియమములు నానాటికి బిగిసినవి: బంతి విడిచిన పిమ్మట కొట్టరాదు, తలకు తగులరాదు, మోకాళ్లకు గురిపెట్టరాదు. తప్పినచో 15 గజములు కోల్పోవుటయే గాక, ఎదుటిజట్టుకు మరల మొదటినుండి అవకాశము.

2018లో మరియొక కట్టుబాటును గట్టిగా అమలుపరచిరి: పట్టినవాడు తన బరువంతయు క్వార్టర్‌బ్యాక్‌పై వేసి పడరాదు. ఆ సెప్టెంబరులోనే గ్రీన్ బే జట్టు ఆటగాడు క్లే మాథ్యూస్ ఎదుటి క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్‌ను పట్టి పడవేయగా తప్పని తీర్పు వచ్చినది. ఆ తీర్పువలన గ్రీన్ బే వారు చేజిక్కించుకొన్న బంతి చెల్లకపోయెను. ఆట 29-29గా ముగిసెను. మరుసటి వారము మయామి జట్టులోని విలియం హేస్ క్వార్టర్‌బ్యాక్‌పై బరువు పడకుండ తప్పించుకొనబోయి తన మోకాటి నరమునే తెంచుకొనెనని వాని శిక్షకుడు చెప్పెను. ఒకరిని కాపాడబోయిన నియమము మరియొకరి మోకాలికి ముప్పు తెచ్చెను!

2022 సెప్టెంబరులో మయామి క్వార్టర్‌బ్యాక్ టువా టాగొవైలోవా నేలకొరిగి తూలిపోయెను. నాలుగు దినములకే మరల ఆడి, తల నేలకు తగిలి, మంచముపై మోయబడెను. లోకమంతయు కలతచెందెను. తరువాత పది దినములకు అట్లాంటా జట్టు గ్రేడీ జారెట్, సుప్రసిద్ధుడగు టామ్ బ్రేడీని పట్టి పడవేయగా తప్పని తీర్పు చెప్పిరి. అది మామూలు పట్టే యని చూచినవారు పలువురు మొత్తుకొనిరి. భయముచే నియమము బిగియుట, బిగిసినంతట విసుగు పుట్టుట, ఈ రెండును గొలుసుకట్టువలె వచ్చుచున్నవి.

మన భారతమునందీ చర్చ కొత్తది కాదు. కురుక్షేత్రమున యుద్ధమునకు ముందే ఉభయపక్షములవారును కట్టుబాట్లు చేసికొనిరి: ఆయుధము విడిచినవానిని కొట్టరాదు, ఏమరియున్నవానిని కొట్టరాదు. బంతి చేయి విడిచిన క్వార్టర్‌బ్యాక్ ఆయుధము విడిచినవాడు గాక మరెవడు? పద్మవ్యూహము చొచ్చిన అభిమన్యుని కథ విని కంట తడిపెట్టని తల్లి లేదు. అందు మనకు కష్టము కలిగించునది బాలుడు ఓడుట కాదు; విల్లును రథమును పోగొట్టుకొనినవానిని పలువురు కలిసి కూల్చుట. ధర్మపక్షమువాడే యైనను భీముడు నాభికి దిగువ గద వేయగా బలరాముడు కోపించెను. గెలువదగినవాడు గెలిచినను, గెలిచిన తీరు తప్పగునని పూర్వులే యెంచిరి.

ఇన్ని చూచిన మీదట మాకు తోచిన దిది. నియమము ఆటగానిని ఓటమినుండి కాపాడరాదు, అంగవైకల్యమునుండి కాపాడవలెను. ఓడిన పిల్ల రేపు గెలువవచ్చును. మెడకును మోకాలికిని రేపు లేదు. కావున తల, మెడ, నోరు, కీళ్లు, వీనిజోలికి పోవు పట్టును ఎంత కఠినముగ శిక్షించినను మాకు సమ్మతమే. అట్లని పట్టుటకు ధైర్యము చేసినవారిని, చూచుటకు మోటుగా నున్నదని మాత్రమే శిక్షించుట న్యాయము కాదు. పరుగున వచ్చినవారు గాలిలో బరువు మార్చుకొనలేరు. వారి చేతిలో లేని దానికి వారిని దండింపరాదు.

మరియు పట్టువారును బిడ్డలే. వంగి చీలమండ పట్టబోయిన పిల్ల ముఖమునకు మోకాలు తగులుట కద్దు. పేరొందిన కూతగాడు పవన్ సెహ్రావత్ 2022లో ప్రొ కబడ్డీ తొలి పోటీలోనే ఎదుటివానిని పట్టబోయి మోకాలు దెబ్బతిని, ఆ యేటి పోటీలన్నిటికిని దూరమయ్యెను. ఆయనయే మరుసటి యేట మన తెలుగు టైటాన్స్ జట్టులోనికి వచ్చెను. రక్షణ ఇరువంకలకును ఉండవలె ననుటకు ఇంతకంటె నిదర్శన మేల?

నియమము స్పష్టముగా నుండుటయు ముఖ్యమే. 2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల పురుషుల తుదిపోటీలో భారతమునకును ఇరానునకును 28-28 ఉండగా, సెహ్రావత్ కూతపై ఏ నియమము చెల్లునను వివాదము పుట్టి, ఆట సుమారొక గంట నిలిచిపోయెను. పెద్దలే యంతసేపు తగవులాడినచో బడిపిల్లల గతి యేమి? ఆ దినముననే మన స్త్రీలజట్టు చైనీస్ తైపీపై 26-25తో బంగారుపతకము గెలిచెను. ఒక్క తీర్పు అటునిటైన ఆ ఒక్క గుణము నిలుచునా?

సోదరీ! అమ్మాయిని ఆట మానిపింపవలదు. బడికి పోయి నాలుగు మాటలు అడుగుము. బరి మెత్తనిదా, రాళ్లు ఏరించిరా? ఈడును బరువును చూచి జట్టులు కట్టుచున్నారా? పడుటయు పట్టుటయు నేర్పిన పిమ్మటనే పోటీకి దింపుచున్నారా? తలకు దెబ్బ తగిలిన పిల్లను, తాను ఆడెదనని మారాము చేసినను, ఆ దినమున వెలుపల కూర్చుండబెట్టి వైద్యునికి చూపుదురా? వీనికి సరియైన జవాబు దొరకినచో నిర్భయముగ పంపుము. దొరకనిచో తోడి తల్లులను కూడగట్టుకొని మరల పోయి అడుగుము. మరిదిగారితో మాత్రము ఇట్లనుము: పట్టు గట్టిగ నుండవచ్చును, పట్టినవారి మనసు మోటుగ నుండరాదు.