సెంటున్నరలో లోగిలి

పేదవాని ఇంటిని గురించి మన రాష్ట్రంలో జరిగే చర్చ అంతా సెంట్ల చుట్టూనే తిరుగుతున్నది. 2020 డిసెంబరు 25న ప్రారంభమైన ‘నవరత్నాలు - పేదలందరికీ ఇళ్లు’ పథకం కింద దాదాపు 30 లక్షల పట్టాలు మహిళల పేరిట తలపెట్టారు. పట్టణాల్లో సెంటు, గ్రామాల్లో సెంటున్నర. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు, దానికి 1.80 లక్షల రూపాయలు. ఇంత చిన్న జాగాలో మనుషులు ఆరోగ్యంగా ఉండగలరా అని 2021 అక్టోబరులో హైకోర్టు సింగిల్ జడ్జి ప్రశ్నించారు. ఆ తీర్పు డివిజన్ బెంచ్ ముందు నిలవలేదు. 2024లో వచ్చిన ప్రభుత్వం గ్రామాల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామన్నది. ఎక్కువ సెంట్లు చెప్పినవారే పేదల పక్షమని అందరూ ఒప్పుకున్నట్లే కనబడుతున్నది.

నేను ఒప్పుకోలేకపోతున్నాను. ఎక్కువ స్థలం వద్దనేవాడు ఎవడూ ఉండడు. కానీ ఊరి దగ్గర భూమి కొనాలంటే ఖరీదెక్కువ. సెంట్లు పెరిగిన కొద్దీ లేఅవుటు ఊరికి దూరంగా జరిగి, చివరకు వాన పడితే నీరు నిలిచే పల్లపు భూమికి చేరుతుంది. మూడు సెంట్ల పట్టా చేతబట్టుకొని, కూలి డబ్బులో సగం ఆటోకే పోసే కుటుంబానికి ఆ అదనపు సెంటున్నర వల్ల ఒరిగేదేమిటి? స్థలం ఎంత అన్న ప్రశ్నతో పాటు దాన్ని ఎలా అమర్చారన్న ప్రశ్న కూడా అడగాలి. అది అడిగేవారే కరువయ్యారు.

ఏ కాలనీకైనా వెళ్లి చూడండి. చదరంగం బల్ల గీసినట్లు గడులు, గడి గడికీ ఒక రోడ్డు, గడి నడుమ ఒక పెట్టె. ఇంటికీ ఇంటికీ మధ్య మనిషి పక్కకు తిరిగి నడవవలసిన సందు. ఆ సందు ఇద్దరిదీ, కనుక ఎవరిదీ కాదు. చెత్తకూ చూరు నీటి తగాదాలకూ తప్ప దేనికీ పనికిరాదు. సెంటు అంటే 48 చదరపు గజాలు. అందులోంచి నాలుగు వైపులా సందులు తీసివేస్తే మిగిలేది ఇరుకే.

ఇదే కొలత స్థలాన్ని మరొక విధంగా అమర్చి చూపినవారున్నారు. నవీ ముంబయిలోని బేలాపూర్‌లో 1980ల నడుమ వాస్తుశిల్పి చార్లెస్ కొరియా సుమారు 550 కుటుంబాలకు ఇళ్లు రూపొందించారు. అక్కడి స్థలాలు 45 నుండి 75 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో సెంటుకు కాస్త పైన మొదలై రెండు సెంట్ల లోపు. ఏడేసి ఇళ్లను ఒక నడిమి వాకిలి చుట్టూ గుమిగూర్చారు. ఆ వాకిలి ఎనిమిది మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు. అలాంటి మూడు గుంపులు కలిసి మరింత పెద్ద వాకిలి. ఏ ఇంటి గోడా పక్కింటితో ఉమ్మడి కాదు; చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు ఎవరి ఇల్లు వారు పెంచుకోవచ్చు. తరువాతి కాలంలో చాలామంది పాతవి తీసివేసి పెద్ద ఇళ్లు కట్టుకున్నారు. దీన్ని కొందరు పథకం వైఫల్యమంటారు. పేదవాడు తన ఇంటిని పెద్దది చేసుకోగలిగితే అది వైఫల్యమెలా అవుతుందో నాకు బోధపడదు.

జీవితమంతా లెక్కలు రాసినవాణ్ణి గనుక ఒక లెక్క చెబుతాను. ఎనిమిది మీటర్ల చదరపు వాకిలి 64 చదరపు మీటర్లు, అంటే సెంటున్నర కంటే పిసరంత ఎక్కువ. ఏడు ఇళ్లకు పంచితే తలకు పావు సెంటు కూడా పడదు. సెంటున్నర చొప్పున ఏడు కుటుంబాలకు పదిన్నర సెంట్లు, వాకిలితో కలిపి సుమారు పన్నెండు. తలకు మూడు సెంట్లిస్తే ఇరవై ఒకటి. ఆ తొమ్మిది సెంట్ల తేడాతో ఊరికి దగ్గరగా భూమి కొనవచ్చు. పైగా ప్రతి గుమ్మానికీ బండి రోడ్డు అక్కరలేదు. వాకిలి దాకా ఒక దారి, ఒక నీటి గొట్టం, ఏడిళ్లకు కలిపి ఒక సెప్టిక్ ట్యాంకు చాలు.

అపార్టుమెంట్లు ఉన్నాయి కదా అంటారు. మన పట్టణాల శివార్లలో టిడ్కో కట్టిన 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు భూమిని ఆదా చేశాయి, నిజమే. కానీ షియర్ వాల్ పద్ధతిలో గోడలన్నీ కాంక్రీటే. కొడుక్కి పెళ్లయితే ఒక గది కలుపుకోవడానికి వీల్లేదు. మూడో అంతస్తులో మేకను కట్టేదెక్కడ? తోపుడు బండి నిలిపేదెక్కడ?

ఉత్తరాంధ్రకు ఈ అమరిక పరాయిదేమీ కాదు. మన తీరంలోని మత్స్యకారుల చుట్టిళ్లు ఒకదాన్నొకటి ఆనుకొని గాలికి ఎదురొడ్డి నిలిచేవి. ఊళ్లలో అరుగుల వరుసలు, పెద్దిళ్లలో లోగిళ్లు మనం పుట్టి పెరిగినవే. 2018 అక్టోబరులో తిత్లీ ఈ జిల్లాను ఊడ్చినప్పుడు విరిగిన చెట్టును తొలగించి దారి చేసినవాళ్లు ముందుగా ఇరుగుపొరుగువాళ్లే. మా శ్రీకూర్మంలో కూర్మనాథుని ఆలయంలో నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి. ఇంటిని వీపున మోసుకు తిరిగే వాటి భాగ్యం మన అద్దె కుటుంబాలకు లేదని నేను వేళాకోళంగా అంటుంటాను. నవ్వేవారు కొందరే.

ఇక మన సమాజం సంగతి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జనాభాలో ముస్లింలు ఒక శాతం లోపే. గోల్కొండ నవాబుల కాలంలో ఫౌజుదారులు పాలించిన చికాకోలు ఇదేనంటే నేటి పిల్లలు నమ్మరు. మెకానిక్కులు, దర్జీలు, పండ్ల బండ్లవారు, పాత ఇనుము వ్యాపారులు ఊరికి నాలుగిళ్లుగా చెదిరి ఉన్నారు. 2006లో ప్రకటించిన ప్రధానమంత్రి 15 సూత్రాల కార్యక్రమం గ్రామీణ గృహ నిర్మాణ లక్ష్యాల్లో వీలైన మేరకు 15 శాతం మైనారిటీలకు కేటాయించాలన్నది. వందకు ఒక్కరు కూడా లేని చోట ఆ శాతం కాగితం మీద మాటే. లాటరీలో ప్లాట్లు తీస్తే ఒక ముసలి తల్లికి ఈ మూల, ఆమె కూతురికి ఆ మూల వస్తుంది. పగలంతా ఇంట్లో కుట్టు మిషను మీద బతికే స్త్రీకి పదడుగుల గది, ఆపై తారు రోడ్డు. ఈ రెంటి నడుమ నిలబడడానికి ఆమెకంటూ చోటుండదు. పరదా పాటించే ఇంట్లో ఈ లోటు మరీ ఎక్కువ. నడిమి వాకిలి ఆమెకు వెలుతురు, పనిచోటు, పిల్లల మీద ఒక కన్ను.

దీనికి ఒక బలమైన అభ్యంతరముంది. ముస్లింల ఇళ్లను ఒకచోట గుమిగూర్చడమంటే వారిని వెలివాడల్లోకి నెట్టడం కాదా? అద్దె ఇల్లు అడిగితే ముందు పేరడిగే రోజుల్లో ఈ భయం ఊరికే పుట్టినది కాదు. నచ్చిన చోట ఇల్లు కొనడానికీ అద్దెకు తీసుకోవడానికీ ముస్లింలు పడే ఇబ్బందినీ, దానివల్ల వారు వేరుగా కుదించుకుపోవడాన్నీ 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రస్తావించింది. కనుక ‘మైనారిటీ కాలనీ’ అనే పేరు గల దేన్నీ నేను సమర్థించను. నేను అడిగేది వేరు. ఇద్దరు ముగ్గురు దరఖాస్తుదారులు తమకు తాముగా జతకట్టి ఒకే వాకిలి కోరుకునే వీలుండాలి. మిగిలిన నాలుగిళ్లు లాటరీలో ఎవరికి వస్తే వారికి. తల్లీకూతుళ్లు పక్కపక్కనే ఉంటారు, ఎదురింట్లో పొందూరు నుండి వచ్చిన నేతగాని కుటుంబం ఉంటుంది. ఏడిళ్ల వాకిలిలో పేరడిగి తలుపు వేసుకోవడం అంత సులువు కాదు.

అసలు చిక్కు వాకిలి ఎవరిదన్నది. లేఅవుట్లలో ఖాళీ జాగా పంచాయతీ పేర ఉంటుంది. పంచాయతీది అనగానే అక్కడ దిమ్మెలు, విగ్రహాలు, జెండా కర్రలు, ఆపై ఎవరిదో బడ్డీ వెలుస్తాయి. కనుక ఏడుగురి పట్టాల్లోనూ వాకిలిలో ఏడో వంతు అవిభాజ్య హక్కు రాయాలి. దాన్ని విడిగా అమ్మరాదనీ, అందులో ఏ కట్టడమూ లేపరాదనీ షరతు ఉండాలి. పటంలో కొలతలతో చూపి సర్వేయరు సంతకం పెట్టాలి. ఈ రెండు వాక్యాలు పట్టాలో లేకుండా ఎంత గొప్ప వాస్తుశిల్పి గీసినా పదేళ్లలో వాకిలి మాయమవుతుంది.

రాష్ట్రమంతటా చేయమని అడగడం లేదు. శ్రీకూర్మానికీ శ్రీకాకుళానికీ మధ్య దూరం పదిహేను కిలోమీటర్ల లోపే. ఉదయం బస్సెక్కి పట్నంలో పనికి వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చేవారు ఈ దారిలో వందల్లో ఉన్నారు. కొత్తగా స్థలాల కోసం దరఖాస్తులు తీసుకుంటున్నప్పుడు ఈ దారిలో, మెరక మీద, రెండెకరాలు చాలు. గుంపుకు ఏడిళ్లు చొప్పున పది గుంపులు, డెబ్బై కుటుంబాలు. మిగతా కాలనీల్లో ఇచ్చే సొమ్మే ఇక్కడా ఇవ్వండి. మన పాఠకుల్లో ఇల్లు లేనివారు సచివాలయంలో దరఖాస్తు ఇచ్చేటప్పుడు, ఎవరి పక్కన ఉండదలచారో వారి దరఖాస్తును కూడా జతపరచి, ఇద్దరూ ఒకే వాకిలి కోరుతున్నట్లు రాసి రసీదు తీసుకోండి. నమూనా కావలసినవారికి నేను రాసి ఇస్తాను.