ముల్లంగి లెక్క

మావారు నన్ను పీనాసి అంటారు. పొదుపరిని అంటాను నేను. తెనాలిలో ఉన్నన్నాళ్లూ ఈ రెండింటికీ మధ్య పెద్ద గోడే ఉండేది. జపాన్ పల్లెటూరికి వచ్చాక ఆ గోడ కాస్తా కూలిపోయింది.

మేముండేది నగానో ప్రాంతంలో, ఇనా లోయలో. అటు చూస్తే కొండలు, ఇటు చూస్తే కొండలు, మధ్యలో వరిచేలు, ఆపిల్ తోటలు. మావారు యంత్రాల విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీలో పనిచేస్తారు. వచ్చేముందు చుట్టాలంతా 'పల్లెటూళ్లో ఖర్చేముంటుందే, సగం జీతం మిగుల్తుంది' అన్నారు. నేనూ నమ్మాను.

అద్దె వరకూ అది నిజమే. టోక్యోలో మనవాళ్లు గుంపుగా ఉండే నిషికసాయిలో చిన్న ఫ్లాటుకిచ్చే డబ్బుతో ఇక్కడ పెరడుతో సహా ఇల్లొస్తుంది. ఇళ్లకేం కొదవ? 2023 లెక్కల్లో దేశం మొత్తం మీద ఖాళీ ఇళ్లు 90 లక్షలు తేలాయి. మా వీధిలోనే నాలుగున్నాయి. ఆ ఇంట్లో ఒక చలికాలం గడిపితే గానీ అద్దె ఎందుకు తక్కువో అర్థం కాదు. పాత చెక్క ఇల్లు. చలిని ఆపడానికి గోడల్లో ఏమీ ఉండదు. జనవరిలో పొద్దున్నే వంటింట్లోకి వెళ్తే థర్మామీటరు రెండు డిగ్రీలు చూపిస్తుంది. కిరోసిన్ హీటరు వెలిగిస్తే గాని గిన్నె ముట్టుకోలేం. ఆ కిరోసిన్ 18 లీటర్ల డబ్బా రెండు వేల యెన్లు దాటింది. యెన్ అంటే ఈమధ్య మన అరవై పైసలకి అటూ ఇటూ, లెక్క మీరే వేసుకోండి.

కుళాయి గొట్టాలకి ఇక్కడ కరెంటు తీగ చుట్టి ఉంటుంది. నీళ్లు గడ్డకట్టకుండా అది గొట్టాన్ని వెచ్చగా ఉంచుతుంది. మొదటి ఏడాది కరెంటు బిల్లు చూసి గుండె గుభేలుమంది. గొట్టానికి కూడా దుప్పటి కప్పాలా అని ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆ ప్లగ్గు పీకేశాను. తెల్లారేసరికి గొట్టం పగిలి పెరడంతా మంచు గడ్డ. ప్లంబరుకి 26 వేల యెన్లు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మావారు ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

సూపర్ మార్కెట్ మాకు తొమ్మిది కిలోమీటర్లు. సాయంత్రమయ్యాక కుర్రాడొకడు వచ్చి మిగిలిపోయిన చేపలకీ టోఫుకీ సగం ధర స్టిక్కర్లు అంటిస్తాడు. వాడి వెనకాలే నడవకూడదు, అది మర్యాద కాదు. పప్పుల వరసలో నిలబడి ఏదో చదువుతున్నట్టు నటించాలి. నేనూ నేర్చుకున్నాను. తర్వాత ఒకరోజు కూర్చుని లెక్కేస్తే, సగం ధర టోఫు కోసం పోనూ రానూ 18 కిలోమీటర్ల పెట్రోలు కాలుస్తున్నానని తేలింది!

బియ్యం సంగతి చెప్తే మీరు నవ్వుతారు. మా ఇంటి చుట్టూ వరే. 2025లో బియ్యం ధర రెండింతలై, అయిదు కిలోల సంచి నాలుగు వేల యెన్లు దాటింది. ప్రభుత్వం నిల్వ ఉంచిన పాత బియ్యాన్ని బయటికి తీసి అమ్మాల్సి వచ్చింది. మా ఊళ్లోవాళ్లకి ఏ చీకూ చింతా లేదు. అందరికీ పొలమున్న బావమరిదో మేనమామో ఉన్నాడు. లేనిది మాకే. కిటికీలోంచి వరిచేను చూస్తూ కొన్న బియ్యం కడుక్కున్నాను.

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఏడిపించేది కారు. మాది 'కేయ్' కారు, పసుపు నంబరు ప్లేటు ఉంటుంది. 660 సీసీ లోపు ఇంజను కాబట్టి పన్ను తక్కువ, ఏడాదికి 10,800 యెన్లు. అక్కడిదాకా బాగానే ఉంది. కారుకి పదమూడేళ్లు దాటితే ఆ పన్ను 12,900 అవుతుంది. పాతబండి పొగ ఎక్కువ వదులుతుందని కారణం. వస్తువుని వృథా చేస్తే 'మొత్తాయినాయ్' అని నొచ్చుకునే దేశమిది. కెన్యా నుంచి వచ్చిన వంగారి మాథాయి 2005లో ఆ మాట విని ముచ్చటపడి ప్రపంచమంతా చెప్పుకొచ్చింది. మరి కారుని జాగ్రత్తగా వాడుకుంటే జరిమానానా? దీనికి తోడు రెండేళ్లకోసారి 'షాకెన్' అనే తనిఖీ. పాతబండికి ఆ ఖర్చు లక్ష యెన్లు దాటినా దాటొచ్చు.

మావారిని తోటి ఉద్యోగి తన కారులో తీసుకెళ్తాడు. అందుకని మొన్న చలికాలంలో ఒక నిర్ణయానికొచ్చాను. ఏప్రిల్ 1న బండి ఎవరి పేర ఉంటే ఏడాది పన్నంతా వాళ్లదే. కాబట్టి మార్చిలోగా అమ్మేయాలి. నాకు సైకిలుంది.

ఇక ముల్లంగి దగ్గరికొస్తాను.

మా పక్కింట్లో ఎనభై దాటిన బామ్మగారు ఒక్కరే ఉంటారు. నేను 'ఒబాచాన్' అని పిలుస్తాను. ఒక డిసెంబరు పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో అయిదు ముల్లంగి దుంపలు, ఆకులతో, మట్టితో. ఒక్కోటీ నా మోచేయంత ఉంది. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే వంశం మాది, సంబరపడిపోయాను. కానీ ఇక్కడ ఏదైనా పుచ్చుకుంటే తిరిగి ఇవ్వాలి. దాన్ని 'ఒకాఎషి' అంటారు. మనకిది కొత్తేం కాదు. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని, నాలుగు పంచదార పలుకులైనా వేసి ఇమ్మని మా అమ్మ చెప్పేది. నేను పంచదార పలుకులతో ఊరుకోలేదు. కొత్త కదా, 1,200 యెన్లు పెట్టి మిఠాయిల పెట్టె కొనిచ్చాను. కొట్లో అయిదు ముల్లంగులకి అంత పడదు.

రెండ్రోజులకి ఎండు పర్సిమన్ పళ్లొచ్చాయి. నేను బిస్కెట్లిచ్చాను. ఆవిడ ఊరగాయ పంపారు. నేను టీపొడి ఇచ్చాను. నా ఖర్చుల పుస్తకంలో 'ముల్లంగి పద్దు' అని విడిగా ఒక పేజీయే తెరవాల్సొచ్చింది. ఉచితంగా వచ్చే కూరలకి నెలకి నాలుగు వేల యెన్లు!

అలా ఉండగా, ఫిబ్రవరిలో కొట్టు కాగితం చుట్టిన ఆపిల్ పెట్టె వచ్చింది. ఆపిల్ తోటల మధ్య ఉంటూ ఆపిల్స్ కొనేదెవరు? ఆశ్చర్యపోయి ఎదురింటావిణ్ని అడిగాను. ఆవిడ నా వంక జాలిగా చూసి, విషయం నెమ్మదిగా చెప్పింది.

ఒబాచాన్ రెండేళ్ల కిందట డ్రైవింగ్ లైసెన్సు పోలీసులకి తిరిగిచ్చేశారు. ఆస్పత్రి 14 కిలోమీటర్లు. బస్సు రోజుకి మూడుసార్లు, శని ఆదివారాలు అదీ లేదు. నెలకోసారి నేనే తీసుకెళ్తుంటాను. మొదట్లో ఆవిడ కవర్లో పెట్రోలు డబ్బులు పెట్టి ఇచ్చేవారు. పెద్దావిడ దగ్గర డబ్బులు తీసుకోవడమేమిటని నేను వద్దన్నాను. ఆ డబ్బులకి బదులే ముల్లంగి. అంటే ఆవిడ తన బాకీ తీర్చుకుంటుంటే నేను మిఠాయిలు తీసుకెళ్లి మళ్లీ బాకీ పడేశాను. ఆవిడ పండించినవి చాలక కొనడం మొదలుపెట్టారు. నలభై ఏళ్లు చందా కట్టినవాళ్లకే ప్రాథమిక పింఛను 2025లో నెలకి 69,308 యెన్లు. ఒబాచాన్ స్నానం చేసిన తొట్టి నీళ్లతోనే బట్టలు ఉతుక్కుంటారు, వచ్చిన పార్సిల్ తాడు చుట్టలు చుట్టి దాచుకుంటారు. పొదుపులో నాకంటే నాలుగాకులు ఎక్కువ చదివిన మనిషి చేత నేనే దుబారా చేయించాను.

మిఠాయిలు మానేశాను. ఆవిడ డబ్బా తిరిగిచ్చేటప్పుడు కాస్త పులిహోర పెట్టి పంపాను. డబ్బా ఖాళీగానే వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

మార్చిలో ఆస్పత్రికి వెళ్తూ, కారు అమ్మేస్తున్నానని చెప్పాను. "మంచి పనే. పాతబండికి పన్ను దండగ" అన్నారు ఒబాచాన్. తర్వాత చేతిసంచీలోంచి బస్సుల వేళల కాగితం తీసి, కళ్లజోడు సవరించుకుని, దారంతా చదువుతూ కూర్చున్నారు. మూడంటే మూడే బస్సులు. అంతసేపు చదవడానికి అందులో ఏముంది?

మర్నాడు గుమ్మంలో మళ్లీ ముల్లంగి. చలికాలమంతా మట్టిలో పూడ్చి దాచినవి, ఈసారి రెండే.

మార్చి 28న కారుని షాకెన్‌కి ఇచ్చొచ్చాను. బ్రేకులు కూడా మార్చాలన్నారు, మొత్తం లక్షా పద్దెనిమిది వేలు. పన్ను కాగితం మేలో వస్తుంది. బిల్లు చూసి మావారు పీనాసి అనలేదు. ముల్లంగి పచ్చడి మాత్రం ఇంక చెయ్యొద్దన్నారు.