మంట చుట్టూ మట్టా, బూడిదా?
తక్కువ కట్టెలతో, తక్కువ పొగతో మండే రాకెట్ పొయ్యిని సొంతంగా కట్టుకునేవాళ్లు చాలామంది మంట చుట్టూ మందంగా మట్టి మెత్తి, వేడి నిలుస్తుందని సంబరపడతారు. నిలిచేది మట్టిలోనే. గిన్నెకు చేరేది తక్కువ, పైగా మంట చల్లబడి పొగ పెరుగుతుంది. 1980లలో అమెరికాలోని ఒరెగాన్‌లో, అప్రొవెచో పరిశోధన కేంద్రంలో ఈ పొయ్యి సూత్రాలను రూపొందించిన లారీ వినియార్‌స్కీ మంట చుట్టూ తేలికైన, గాలి గుల్లలున్న సరుకే ఉండాలన్నారు: ప్యూమిస్ రాయి, వర్మిక్యులైట్, లేదంటే కట్టెల బూడిద. పైసా ఖర్చులేని ఆ బూడిదను పారబోసి ఇటుకలు కొనడం ఏం తెలివో! బరువైన మట్టికీ చోటుంది, కాకపోతే పొగలోని వాయువులన్నీ కాలిపోయాక. ఇయాంటో ఎవాన్స్ రూపొందించిన, గదిని వెచ్చబరిచే రకంలో పొగగొట్టం మట్టి అరుగు లోపలినుంచి సాగుతుంది. మంట ఆరినా అరుగు గంటల తరబడి వెచ్చగా ఉంటుంది. వంటకు మాత్రం అది దండగ. అక్కడ గిన్నె చుట్టూ సన్నని సందు వదిలి రేకు చుట్టడమే మేలు.