సముద్రగర్భమును జూచు కన్ను

సముద్రమునకు మన పూర్వులు రత్నాకరమని పేరిడిరి. కాని ఆ రత్నములున్న చోటికి మానవుడు సులభముగా పోజాలడు. లోతు 10 మీటర్లు పెరిగినప్పుడెల్ల నీటి ఒత్తిడి వాయుమండలపు ఒత్తిడియంత హెచ్చును. 6000 మీటర్ల లోతున అది సుమారు 600 రెట్లగును. అచట వెలుగు లేదు, చలి మిక్కుటము. అందుచేత మానవుడు తాను ఓడపై నిలిచి, తన కన్నులను, చేతులను క్రిందికి పంపు ఉపాయమును కనిపెట్టెను. అదియే దూరమునుండి నడపబడు జలాంతర యంత్రము.

దానికి దీపములు, కెమెరాలు, ఇనుప చేతులు ఉండును. రేడియో తరంగములు సముద్రజలమున దూరము పోజాలవు గనుక పొడవైన కేబులు దానిని ఓడతో కలుపును. విద్యుత్తు ఆ దారినే దిగును. చిత్రములు ఆ దారినే పైకి వచ్చును. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి రోసబ్ 6000 అను యంత్రము 2010లో హిందూ మహాసముద్రమున 5289 మీటర్ల లోతునకు దిగెను. మన కృష్ణా గోదావరీ తీరమున సముద్రపు అడుగున మంచుగడ్డవలె పేరుకొనిన మీథేను వాయువును అన్వేషించుటకును అది ఉపయోగపడెను.

“కడుపునిండని వారున్న దేశమునకు ఈ వ్యయమేల?” అని కొందరందురు. అది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. కాని ఒక్క ఉదాహరణము చూడుడు. 2016 జూలై 22న వాయుసేనకు చెందిన ఏ.ఎన్. 32 విమానము చెన్నైనుండి పోర్టు బ్లెయిరునకు పోవుచు 29 మందితో అదృశ్యమయ్యెను. వారిలో ఎనిమిదిమంది విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగార ఉద్యోగులు. ఓడలు, విమానములు ఎంత వెదకినను జాడ తెలియలేదు. తుదకు ఆ సంస్థవారిదే, కేబులు లేక తానై సంచరించు మరియొక యంత్రము తీసిన చిత్రములలో, 3400 మీటర్ల లోతున ఆ విమానశకలములు కానవచ్చినవని 2024 జనవరిలో ప్రకటింపబడెను. పోయినవారు తిరిగి రాలేదు. కాని తమవారు ఏమైరో తెలియక ఏడేండ్లకు పైగా కుమిలిన కుటుంబములకు ఒక సమాధానము లభించెను. దీనిని వ్యర్థవ్యయమని ఎవరనగలరు?

అయినను ఈ కన్ను దూరపు నిధులను మాత్రమే చూచిన చాలదు. పరవాడ తీరమున ముత్యాలమ్మపాలెము, తిక్కవానిపాలెము మొదలగు మత్స్యకారుల పల్లెలు కలవు. ఆ ప్రాంతముననే సింహాద్రి విద్యుత్కేంద్రము, ఔషధనగరము వెలసినవి. ఔషధ పరిశ్రమలనుండి శుద్ధిచేయబడిన వ్యర్థజలము గొట్టముద్వారా సముద్రమును చేరుచున్నది. దానివలన చేపలు తరిగిపోవుచున్నవని మత్స్యకారులు మొరపెట్టుకొనుచున్నారు. నిజమును తేల్చుటకు పక్షపాతములేని సాక్షి కావలెను. తీరపు లోతులకు మహాయంత్రములు అక్కరలేదు. చిన్న యంత్రమే గొట్టపు చివరను చూపగలదు, నీటి నమూనాలను తేగలదు, ఏటేట అడుగును చిత్రింపగలదు. నీటిలో కరగిన విషము కెమెరాకు కానరాదు గనుక, ఆ నమూనాలను ప్రయోగశాలలో పరీక్షించి ఫలితములను తెలుగులో గ్రామస్థులకు చదివి వినిపింపవలెను. ఎచ్చట వెదకవలెనో వలవేయువారినే మొదట అడుగవలెను. ఆ జలములతో వారికి తరతరముల పరిచయము కలదు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇట్టి యంత్రములను నిర్మింతురు, నడుపుదురు. అప్పుడు వేల మీటర్ల లోతుననున్న ఖనిజములతోపాటు, మన ఒడ్డుననే బ్రతుకువారి కష్టమునుగూడ చూడుడు.